తోలుబొమ్మకు దుకాణం దొరికింది, మరి తెర ఎక్కడ?

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట నేడు దేశమంతటా పేరెన్నిక గన్న గ్రామం. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. 2025లో కర్ణాటకలోని కొప్పళ జిల్లాకు చెందిన తొగలు గొంబెయాట కళాకారిణి భీమవ్వ దొడ్డబాళప్ప శిళ్ళేక్యాతరకు అదే పురస్కారం దక్కింది. సరిహద్దుకు ఇరువైపులా ఒకే కళకు గౌరవం లభించడం సంతోషకరమే. అయితే గౌరవం పొందిన ఆ కళ ఏ రూపంలో బతుకుతున్నదన్నది ఆలోచించవలసిన విషయం.

ఒకప్పుడు వానలు కురవని ఏట బొమ్మలాట ఆడిస్తే వరుణుడు కరుణిస్తాడని పల్లెలు నమ్మేవి. ఊరి బయలులో తెల్లని తెర కట్టి, వెనుక దీపాలు వెలిగించి, రామాయణ భారత కథలను తెల్లవార్లూ ఆడేవారు. సినిమా, ఆపై టీవీ వచ్చిన తరువాత ఆ తెరలు క్రమంగా ముడుచుకున్నాయి. కళాకారులకు మిగిలిన దారి ఒక్కటే: చేతిలోని ఉలిని, రంగులను వేరొక వస్తువు మీదికి మళ్ళించడం. నిలువెత్తు రావణుడిని మలచిన చేతులే దీపపు గొడుగులు, గోడ చిత్రాలు, గది అడ్డుతెరలు చేయనారంభించాయి.

దుకాణం చేసిన మేలు

ఈ మార్పును తక్కువ చేసి చూడరాదు. ఆంధ్రప్రదేశ్‌లో లేపాక్షి, తెలంగాణలో గోల్కొండ, కర్ణాటకలో కావేరి, తమిళనాట పూంపుహార్, ఒడిశాలో ఉత్కళిక పేర్లతో ప్రభుత్వ హస్తకళల విక్రయశాలలు ఉన్నాయి. ఇటువంటి దుకాణాలూ, నగరాలలోని ప్రదర్శనలూ లేకపోయినట్లయితే మేకతోలును శుభ్రపరచి, పలుచగా ఎండబెట్టి, వెలుగు ప్రసరించేలా సన్నని రంధ్రాలు తొలిచే నేర్పు ఏనాడో అంతరించేది. కూలికి వలసపోవలసిన ఇళ్ళలో కొన్నయినా ఉలిని వదలలేదంటే అది అంగడి చలవే.

దుకాణం చేయలేనిది

కాని అంగడికి కావలసినది వస్తువు, ఆట కాదు. దీపపు గొడుగు మీద హనుమంతుడు ఉంటాడు గాని, లంకాదహనం పాడే గొంతు ఉండదు. కేతిగాడికి, జుట్టుపోలిగాడికి అక్కడ చోటు లేదు. బంగారక్క తెలుగు తెర మీదనే గాక కన్నడ తెర మీద కిళ్ళేక్యాతుడి సరసన కూడా నవ్వించిన పాత్ర. ఆమెను ఏ కొనుగోలుదారు అడుగుతాడు? ఈ కుటుంబాలలో అనేకం ఇంట మరాఠీ మాండలికం మాట్లాడుతూ, తెర మీద తెలుగునో కన్నడనో పలికించినవి. రెండు భాషల నడుమ బతికే సరిహద్దు పల్లెలకు ఇంతకంటె దగ్గరి కళ ఏమున్నది?

ప్రభుత్వ పథకాల చూపు కూడా వస్తువు మీదనే. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం 18 వృత్తులకు వర్తిస్తుంది. అందులో బొమ్మలు చేసేవారు ఉన్నారు, ఆడించేవారు లేరు. సరకు అమ్ముడైన తరువాతనే సొమ్ము చెల్లించే అలవాటు ఉన్నచోట తోలు, రంగుల ఖర్చు మోసేది కళాకారుడే. పెట్టుబడి లేనివాడు త్వరగా అమ్ముడుపోయే చిన్న వస్తువులకే పరిమితమవుతాడు. పెద్ద బొమ్మ చేసే అవసరమే లేనినాడు, దానిని చేసే విద్య మాత్రం ఎంతకాలం నిలుస్తుంది?

చేయదగినవి

మొదటిది, ప్రతి వస్తువుతో పాటు చేసినవారి పేరు, ఊరు, ఆ పాత్ర కథ తెలిపే చీటీ ఒకటి స్థానిక భాషలలో ఉండాలి. అది కళాకారునికి గుర్తింపు, కొనేవారికి నకలు నుండి రక్షణ. రెండవది, తయారీకి ముందే కొంత సొమ్ము చేతికందాలి. మూడవది, 2022లో రైల్వేశాఖ ఆరంభించిన ‘ఒక స్టేషన్ – ఒక ఉత్పత్తి’ వంటి అవకాశాలను ధర్మవరం, హిందూపురం, బళ్ళారి వంటి చోట్ల తోలుబొమ్మకు స్థిరంగా కల్పించాలి. ఒక రాష్ట్రపు విక్రయశాలలో పొరుగు రాష్ట్రపు బొమ్మకు అర అడుగు చోటు ఇవ్వడానికి సరిహద్దు అడ్డు కారాదు.

నాలుగవది ప్రభుత్వాలకంటె పల్లెల చేతిలోనే ఎక్కువగా ఉన్నది. జాతరకు, బడి వార్షికోత్సవానికి ఒక్క గంట బొమ్మలాట పెట్టించడానికి ఊరంతా కలిస్తే పెద్ద భారం కాదు. గోడకు తగిలించిన బొమ్మను బిడ్డలు ఒకమారు చూసి మరచిపోతారు. తెర మీద కదిలి, మాట్లాడి, నవ్వించిన బొమ్మను మాత్రం వారు తమ బిడ్డలకు చెబుతారు.