మన పేజీని మనమే దిద్దుకోవాలె

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. దశాబ్దాల కొట్లాట దేశపటం మీద ఒక గీత అయింది. కాని పటం మీద గీత పడితే పని అయిపోదు. లోకం చదివే పుస్తకంలో కూడా ఆ రాష్ట్రం సరిగ్గా ఉండాలె. ఇయ్యాల లోకం చదివే పుస్తకం వికీపీడియా. అమెరికాలో ఉన్న పరిశోధకుడైనా, ఢిల్లీలో ఉన్న అధికారైనా, కామారెడ్డిలో గది కిరాయికి తీసుకొని గ్రూప్స్ పరీక్షకు చదువుకునే పిల్లగాడైనా తెలంగాణ గురించి వెతికితే ముందుగా కనబడే వాటిలో ఆ పేజీ ఒకటి. అందులో ఏమున్నదో అదే తెలంగాణ అని లోకం అనుకుంటది. అందుకే అడుగుతున్నాం: ఆ పేజీని ఎవరు రాస్తున్నారు? మనమెందుకు రాయడం లేదు?

వికీపీడియా 2001 జనవరి 15న మొదలైంది. తెలుగులో 2003 డిసెంబరులో వచ్చింది. వ్యాసాలు రాసేవాళ్లకు అక్కడ జీతం లేదు. ఏ కులపోడైనా, ఏ ఊరోడైనా పోయి రాయవచ్చు, దిద్దవచ్చు. ఎవరు ఏ అక్షరం మార్చిన్రో తారీఖుతో సహా నమోదవుతుంది. పంచాయితీ వస్తే చర్చ పేజీలో బహిరంగంగా తేల్చుకోవాలె. పగలంతా కొలువు చేసుకొని, రాత్రిపూట కూచొని ఒక్కొక్క వాక్యం దిద్దే సార్లు, ఇంజనీర్లు, విద్యార్థులు, రిటైరైన ఉద్యోగులు దాన్ని నిలబెట్టారు. పేరు కోసం కాదు, పైసల కోసం కాదు. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం. పత్రికలు మన చేతుల్లో లేవని, టీవీలు మన గోడు చూపించవని ఉద్యమ కాలంలో బాధపడ్డాం. ఆ బాధ న్యాయమైనదే. కాని ఇక్కడ ఆ సాకు చెల్లదు. ఇక్కడ తలుపు తెరిచే ఉన్నది. లోపలికి పోని తప్పు మనదే.

దిద్దే పని చిన్నదని అనుకోవద్దు. ఒక్క ఉదాహరణ చూడండి. తెలంగాణ విస్తీర్ణం ఎంత? పది జిల్లాల లెక్క చదువుకున్నవాళ్లు 1,14,840 చదరపు కిలోమీటర్లు అంటారు. పోలవరం కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన తర్వాత అది 1,12,077 అయింది. 2011 జనాభా లెక్క కూడా 3,51,93,978 నుంచి 3,50,03,674కు తగ్గింది. అంటే దాదాపు 2 లక్షల మంది మనుషులు, వాళ్ల గూడేలు, వాళ్ల పొలాలు అటుపోయినయి. పాత అంకె ఉంచితే తప్పు. కొత్త అంకె వేసి కారణం చెప్పకపోతే అది సగం నిజం. అంకె పక్కన ఆ ముంపు మండలాల కథను, చట్ట సవరణ ఆధారంతో సహా ఒక్క వాక్యంలో చేర్చిన మనిషి చేసిన పని ఒక ధర్నాకు తక్కువేమీ కాదు.

ఇట్లాంటివి ఇంకెన్నో ఉన్నయి. హైదరాబాద్ పదేండ్ల ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2తో ముగిసింది. అదే రోజు అందెశ్రీ రాసిన గీతం రాష్ట్ర గీతమైంది. అదే ఏడు బండ్ల నెంబర్ల మీద టీఎస్ పోయి టీజీ వచ్చింది. జిల్లాలు పదిగా ఉన్నవి 2016 అక్టోబరు 11న 31 అయినయి, 2019 ఫిబ్రవరిలో 33 అయినయి. జిల్లా మారినప్పుడల్లా ఆ జిల్లాలోని ప్రతి మండలం పేజీ, ప్రతి ఊరు పేజీ మార్చాలె. కామారెడ్డి, ఎల్లారెడ్డి ఊర్లన్నీ అప్పటిదాకా నిజామాబాద్ జిల్లా కింద ఉన్నవే. ఏ యంత్రమూ ఆ ఊర్ల సంగతి తనంతట తాను తెలుసుకోదు. ఎవరో ఒకరు కూచొని మార్చాలె.

ఊరి పేరు కాడ కూడా జాగ్రత్త కావాలె. ఎల్లారెడ్డి మన కామారెడ్డి జిల్లాలో ఉన్నది. ఎల్లారెడ్డిపేట రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉన్నది. ఎల్లారెడ్డిగూడ హైదరాబాద్‌లో అమీర్‌పేట పక్కన ఉన్నది. దూరాన ఉన్నోళ్లకు మూడూ ఒక్కటే. ఎల్లారెడ్డి బిడ్డకు కాదు. ఏది ఏ ఊరో తప్పు పోకుండా చెప్పగలిగేది అక్కడ పుట్టినోడే.

ఈ పని మనకు కొత్తది కూడా కాదు. నిజాం రాజ్యంలోని తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే సురవరం ప్రతాపరెడ్డి ఏం చేశారు? తిట్టి ఊరుకోలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాసి, 354 మంది కవుల రచనలు కూడబెట్టి 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చువేశారు. లేరన్న మాటకు ఉన్నారన్న రుజువే జవాబు. కేకలు గాలిలో కలిసిపోయినయి, ఆ సంచిక నిలబడ్డది. తొంభై ఏండ్ల తర్వాత కూడా మన ఆత్మగౌరవం గురించి మాట్లాడేవాళ్లు దాన్నే చూపిస్తున్నారు. మనకు కావలసింది ఆ సోయి.

అయితే ఒక కఠినమైన మాట మనవాళ్లకే చెప్పాలె. విజ్ఞాన సర్వస్వం కరపత్రం కాదు. అక్కడ మన నినాదం చెల్లదు, మన ఆధారమే చెల్లుతుంది. 2008 ఉప ఎన్నికల్లో ఎల్లారెడ్డిలో ఉద్యమ పార్టీ ఓడింది. 2010 ఉప ఎన్నికల్లో అదే ఎల్లారెడ్డిలో గెలిచింది. 2012లో కామారెడ్డిలో ఉప ఎన్నిక గెలిచింది. గెలిచిన రెండు రాసి, ఓడిన ఒక్కటి దాచిపెడితే ఎవరిని మోసం చేసినట్టు? ఓటమి కూడా రాస్తేనే 2010 గెలుపు బరువేమిటో చదివేవానికి తెలుస్తుంది. 2023లో కామారెడ్డి ఓటరు అప్పటి ముఖ్యమంత్రిని, కొద్దిరోజుల్లో ముఖ్యమంత్రి కాబోయే నాయకున్ని ఒకేసారి ఓడించి మూడో మనిషిని గెలిపించాడు. ఏ పార్టీ అభిమానికి ఎంత కష్టమైనా ఉన్నది ఉన్నట్టే రాయాలె.

1969 అమరుల లెక్క ఇంకా బరువైనది. 369 మంది అని మనం గుండె మీద చెయ్యేసుకొని చెప్పుకుంటాం. ప్రభుత్వ లెక్కలు అంత ఒప్పుకోవు. పేజీలో ఏం రాయాలె? ఉద్యమకారులు చెప్పేది ఇది, ప్రభుత్వం చెప్పింది ఇది అని రెండూ ఆధారాలతో రాయాలె. అది అమరులను తక్కువ చేయడం కాదు. ఒట్టి అంకెను ఎవడైనా ఒక్క క్షణంలో కొట్టేస్తాడు. పేరు, ఊరు, తారీఖు, అచ్చయిన ఆధారం ఉన్న వాక్యాన్ని కొట్టేయాలంటే వెయ్యిసార్లు ఆలోచిస్తాడు. అమరులకు నిజమైన కాపలా అదే.

ఇక్కడే అసలు చిక్కు. మన చరిత్రలో సగం అచ్చులో లేదు. అది పాటలో ఉన్నది, ఒగ్గు కథలో ఉన్నది, ముసలవ్వ మాటలో ఉన్నది. అచ్చయిన ఆధారం చూపాలనేది వికీపీడియా నియమం. అచ్చుయంత్రాలు, పత్రికలు ఎవరి చేతుల్లో ఉండెనో వాళ్లకే ఆధారాలు ఎక్కువ ఉంటయి. అన్యాయమే. కాని నియమాన్ని తిట్టుకుంటూ కూచుంటే ఖాళీ నిండదు. ముసలవ్వ మాటను ఇప్పుడే రాసుకోవాలె, ఊరి చరిత్రను పుస్తకంగా వేయాలె, కాలేజీ సంచికలో అచ్చువేయాలె, పరిశోధన గ్రంథంలోకి ఎక్కించాలె. నిజాం కాలపు కాగితాలు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉర్దూలో, ఫారసీలో ఉన్నయి. ఉర్దూ చదవగల పెద్దలు కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో ఇంకా ఉన్నారు. వాళ్ల పక్కన ఒక విద్యార్థి కూచుంటే వందేండ్ల చరిత్ర తెలుగులోకి వస్తుంది. ఆ పెద్దలు పోయిన తర్వాత ఏ సాంకేతికతా వాళ్లను తిరిగి తేలేదు.

రాయడానికి మన కాడ ఏమున్నదని అడిగేవాళ్లు ఉంటారు. ఎల్లారెడ్డి పక్కనే మంజీర మీద నిజాంసాగర్ ఉన్నది. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టినరోజు జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నది. నీళ్ల ముచ్చట మనకు ఎవరో నేర్పలేదనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలె? నాగిరెడ్డిపేట మండలంలో పోచారం ప్రాజెక్టు ఉన్నది, కట్టి వందేండ్లు దాటింది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డిని వరద ముంచెత్తినప్పుడు ఆ పాత కట్ట తట్టుకొని నిలబడ్డది. దోమకొండ గడికోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం వచ్చింది. వరద వార్త వారం రోజుల్లో పాతబడింది. ఏ ఊర్లో ఎంత వాన పడ్డది, ఏ చెరువు తెగింది, ఏ రోడ్డు కొట్టుకపోయింది అనేది ఆధారాలతో పేజీకెక్కితే మళ్లొకసారి నాలా మీద ఇల్లు కట్టేవానికి అడ్డం పడే సాక్ష్యమవుతుంది.

ఇంకొక సంగతి మరువొద్దు. ఇప్పుడు పిల్లలు ఫోనునే ప్రశ్న అడుగుతున్నారు, కృత్రిమ మేధ జవాబు చెబుతున్నది. ఆ యంత్రం చదువుకున్న పుస్తకాల్లో వికీపీడియా ఒకటి. అక్కడ తప్పుంటే తప్పే చెబుతుంది. అక్కడ మన ఊరు లేకపోతే మన ఊరే లేనట్టు మాట్లాడుతుంది. ఒక్క పేజీలో వదిలేసిన తప్పు రేపు వెయ్యి నోళ్లల్ల పలుకుతుంది.

విద్యార్థి మిత్రులారా, ఒక్కొక్కరు ఒక్క ఊరు పట్టుకోండి, మీ ఊరే పట్టుకోండి. ఉద్యోగ మిత్రులారా, ఏ జీవో ఎప్పుడు వచ్చిందో, ఏ గెజిట్‌లో ఏమున్నదో మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ కాగితం తారీఖు, నెంబరు చేర్చండి. పుస్తకంలోది ఉన్నదున్నట్టు ఎత్తిరాయకండి, మీ మాటల్లో రాసి ఆధారం చూపండి. మీ గురించి, మీ నాయకుని గురించి పొగడ్తలు రాయకండి. ఎవరైనా మీ వాక్యం తీసేస్తే కోపం తెచ్చుకోకండి, ఇంకో ఆధారంతో మళ్లీ పోండి. రోజుకు ఒక్క వాక్యం చాలు.

మన రాష్ట్రం మనకు కావాలని కొట్లాడినం, తెచ్చుకున్నం. మన మాట మనమే రాసుకునే హక్కు కూడా ఆ కొట్లాటలో భాగమే. హక్కు చేతికొచ్చింది. ఇగ రాయవలసింది మనమే.