వంటగదిలో దొరికిన మందు

రోగుల మూత్రపు సీసాలు తెచ్చి ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టే భర్తతో ఏ ఇల్లాలు వేగగలదు చెప్పండి! మెల్బోర్న్ మానసిక వైద్యుడు జాన్ కేడ్‌గారి శ్రీమతి వేగారు. ఆయన ప్రయోగశాల, ఆసుపత్రిలో వాడకం లేని ఓ వంటగది. గినీపిగ్గులకు లిథియం లవణం ఎక్కిస్తే కదలక మెదలక పడుకున్నాయి. ముందు తాను మింగి చూసుకుని, 1948లో, అయిదేళ్లుగా ఉన్మాదం తగ్గని 51 ఏళ్ల రోగికిచ్చారు. కొన్ని నెలల్లో అతడు ఇల్లు చేరి, పాత ఉద్యోగంలో కుదురుకున్నాడు! తరువాత అశ్రద్ధ చేసి మందు మానేశాడు (మనమూ చేసే పనే), జబ్బు తిరగబెట్టింది. మోతాదు మించితే లిథియం విషం. 1950లో అతణ్ణి బలిగొన్నదీ అదే. కేడ్ వెనుకంజ వేశారు. డెన్మార్కులో మోగెన్స్ షౌ పట్టు వదలక పరీక్షించి దాన్ని నిలబెట్టారు. నేటికీ ఇస్తున్నారు, రక్తంలో పాళ్లు చూసుకుంటూ.