బస్సు మెట్టు మీద దొరికిన జవాబు

తెలిసిన పేరే, నాలుక చివర ఆడుతుంటుంది, బయటికి రాదు. ఎంత గింజుకున్నా రాదు. సరేలెమ్మని వదిలేసి స్నానానికి వెళ్తే, రెండు చెంబులు పోసుకునేలోగా టక్కున తడుతుంది. మనం వదిలేసినా లోపల ఎవరో వెతుకుతూనే ఉన్నారన్నమాట!

ఈ లోపలి పనివాడి సంగతి తన అనుభవం నుంచి వివరంగా చెప్పినవాడు ఫ్రెంచి గణితవేత్త హెన్రీ పాయింకరే. ఒక రకం ఫంక్షన్లు అసలు ఉండవని నిరూపించాలని పదిహేను రోజులు కుస్తీ పట్టాడు. ఫలితం సున్నా. ఓ సాయంత్రం అలవాటు లేని బ్లాక్ కాఫీ తాగాడు. నిద్ర పట్టలేదు. ఆలోచనలు ఒకదాన్నొకటి ఢీకొట్టుకుని, తెల్లారేసరికి అలాంటి ఫంక్షన్లు ఉన్నాయనే తేలింది! కొన్నాళ్లకి భూగర్భశాస్త్రం టూరుకి వెళ్లి లెక్కల మాటే మర్చిపోయాడు. కూటాన్స్ అనే ఊళ్లో బస్సు ఎక్కబోతూ మెట్టు మీద కాలు పెట్టాడో లేదో, ఆ ఫంక్షన్లకీ యూక్లిడ్‌ది కాని మరో జ్యామితికీ ఉన్న చుట్టరికం మెరిసింది. అప్పుడేం కాగితం తియ్యలేదు. అంతకుముందు ఆగిపోయిన కబుర్లే కొనసాగించాడు. ఊరికి తిరిగొచ్చాక తీరిగ్గా సరిచూసుకున్నాడు.

1908లో పారిస్‌లో ఈ కథంతా చెబుతూ ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. మనవాళ్లు వదిలేసేది సరిగ్గా ఆ మాటే. ముందు పడ్డ ఆ పదిహేను రోజుల పాట్లే లోపలి యంత్రాన్ని కదిలించాయట. పైగా లోపలి మనసు దారి చూపిస్తుందేగానీ పెద్ద పెద్ద గుణకారాలు చేసిపెట్టదు. ఆ చాకిరీ మెలకువలో మనమే చెయ్యాలి. కాబట్టి, ‘నా సబ్‌కాన్షస్ చూసుకుంటుందిలే’ అని సెల్‌ఫోన్ పట్టుకుని పడుకునే పుత్రరత్నాలూ, మీ పప్పులు ఇక్కడ ఉడకవు!

నేర్చుకోవడంలోనూ ఇంతే చిత్రం. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కి మూర్ఛరోగం తగ్గాలని 1953లో మెదడు ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత కొత్త సంగతి ఏదీ అతనికి గుర్తుండేది కాదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతనితో అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. మూడు రోజుల్లో చెయ్యి బాగా కుదిరింది. ఆ బొమ్మ అంతకుముందు గీసినట్టే అతనికి తెలీదు! గుర్తులేకపోయినా చేతికి వచ్చేసింది. మనకి సైకిల్ తొక్కడం వచ్చిందీ ఇలాగే. ఎలా వచ్చిందో చెప్పమంటే నీళ్లు నములుతాం.

చదివింది మెదడులో కుదురుకోవడానికి నిద్ర కావాలని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. మన ఇంటర్ హాస్టళ్లలోనేమో రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, మళ్లీ తెల్లారుజామున ఐదుకి బెల్లు. పిల్లాడు కునుకు తీస్తే ఫీజు వృథా అయిపోయినట్టు బెంగపడే తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. అమ్మా, ఆ లోపలి పనివాడిది నైట్ డ్యూటీ. వాడి డ్యూటీ టైములో మీరు లైటు వేసి కూర్చుంటే ఎలా?

ఈ వారం ఓ పని చేసి చూడండి. పిల్లాడు కొరుకుడు పడని లెక్కతో సాయంత్రం అరగంట నిజంగా కొట్లాడాక, పుస్తకం మూయించి పడుకోబెట్టండి. పొద్దున లేచాక గైడు మాత్రం ముందే తెరవనివ్వకండి.