అబ్బా దుకాణం ఎక్కలేదు

మా భాంజీ ఐదో తరగతి. ఇంగ్లీష్ కాపీలో ‘మై ఫాదర్ ఈజ్ ఆన్ ద షాప్’ అని రాసింది. ‘మీ నాన్న దుకాణం పైకెక్కాడా?’ అని టీచర్ అడిగితే క్లాసంతా నవ్విందట. బచ్చీ ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఆ రాత్రే మా ఛోటీ బహెన్ హుకుం జారీ చేసింది: ‘ఇక ఇంట్లో ఉర్దూ బంద్!’

ఈ ఫైసలా నాకు నచ్చలేదు. బచ్చీ చేసింది గల్తీయే, బేవకూఫీ మాత్రం కాదు. మనిళ్లల్లో ‘అబ్బా దుకాన్ పో హై’ అంటాం. ‘మేజ్ పో కితాబ్ హై’ అన్నా అదే ‘పో’. ఇంగ్లీషులో మాత్రం ఇక్కడ ఫర్క్ ఉంది. కితాబ్ బల్లకు ఆని ఉంది కాబట్టి ‘ఆన్’. అబ్బా ఫలానా చోట ఉన్నారని చెప్పడానికి ‘ఎట్’. దుకాణం లోపలే ఉన్నారని చెప్పాలంటే ‘ఇన్’.

‘మే’ సంగతి కూడా చూడండి. ‘కమ్రే మే హై’, ‘కమ్రే మే గయా’. ఉన్నా, వెళ్లినా ఉర్దూకి ఒకటే ‘మే’. తెలుగు అలా కాదు. గదిలో ఉన్నాడు, గదిలోకి వెళ్లాడు. ఆ ‘లో’ ఇంగ్లీషులో ‘ఇన్’, ఆ ‘లోకి’ ‘ఇన్‌టు’. అలాగే మీద అంటే ‘ఆన్’, మీదికి అంటే ‘ఆన్‌టు’. ఉర్దూ మీడియంలో చదివిన నాకు ఈ తేడా బోధపడింది గ్రామర్ కితాబులో కాదు, డిగ్రీలో తెలుగు చదివాకే.

తెలుగూ అన్నిచోట్లా ఆదుకోదు. మనకు బస్సులోనూ ‘లో’, కారులోనూ ‘లో’. ఇంగ్లీషులో ‘ఆన్ ద బస్’, ‘ఇన్ ద కార్’. లేచి నిలబడి నడవగలిగే బండికి ‘ఆన్’ అని గుర్తుపెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. ‘బస్టాండ్ దగ్గరున్నా’ అనే మాటను ‘నియర్’ అని రాస్తే పక్కనెక్కడో ఉన్నట్టు. బస్టాండులోనే ఉంటే ‘ఎట్’.

మన పిల్లల దగ్గర రెండు జుబాన్‌లు ముందే ఉన్నాయి. మూడోది నేర్పడానికి వాటిని పక్కపక్కన పెట్టి ఫర్క్ చూపిస్తే చాలు. గల్తీ ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిసిన బచ్చా షర్మ్‌తో తల దించుకోడు, దిద్దుకుంటాడు.

ఉర్దూ బంద్ చేసినంత మాత్రాన ‘ఎట్’ రాదు. మా అమ్మీకి ఇంగ్లీష్ రాదు. ఇంట్లో ఉర్దూ ఆగిపోతే ఆ పిల్ల నానీతో ఏ జుబాన్‌లో మాట్లాడాలి?