ఆకును బంగారమన్నోళ్లకు షోరూం పండుగ ఎందుకు?

దసరా నాడు పొద్దుగూకే యాళ్ల ఊరి పొలిమేరకు పోయి, జమ్మిచెట్టుకు మొక్కి, నాలుగు ఆకులు తెచ్చుకుంటాం. పెద్దల చేతుల్లో పెట్టి 'బంగారం తీసుకో' అని కాళ్లు మొక్కుతాం. తీసుకునేవాళ్లకు అది ఆకు అని ఎరుకే. అయినా బంగారమనే తీసుకుని, తలమీద చేయిపెట్టి దీవిస్తారు. పగోడు ఎదురుపడ్డా ఆ ఒక్క రోజు అలాయ్ బలాయ్ ఇవ్వాల్సిందే. పైస ఖర్చు లేని ఈ కానుకను మించిన కానుక తెలంగాణ పండుగల్లో ఇంకోటి లేదు. ఆకు చిన్నగుందా పెద్దగుందా, ఏ దుకాణంలది, ఎంతకు తెచ్చినవని అడిగినోడు ఇప్పటిదాకా పుట్టలేదు.

అట్లాంటి జనం ఇయ్యాల పండుగ దగ్గర పడుతుందంటే ఎందుకు బెదురుతున్నారు? పేపర్ తెరిస్తే నిండు పేజీ ప్రకటన. ఫోన్ తెరిస్తే డిస్కౌంట్ల మోత. ఆడబిడ్డకు ఇంతలో చీర, అల్లునికి ఇంతలో ప్యాంటు షర్టు, పిల్లలకు ఫలానా కంపెనీ బూట్లు. లేకుంటే పండుగ పండుగే కాదన్నట్టు ఒక లెక్క మన నెత్తిన కూర్చుంది. కాంట్రాక్టు ఉద్యోగి వాయిదాల మీద కొంటున్నాడు. హాస్టల్ విద్యార్థి పాత బట్టలతో ఊరికి పోవాలంటే సిగ్గుపడి, రూమ్‌లోనే ఉండిపోతున్నాడు. తొమ్మిది రోజులు ఇల్లు కడిగి, వండి, వడ్డించి సద్దుల నాటికి ఆడవాళ్లు మంచం పడుతున్నారు. సంబురం కోసం పుట్టిన పండుగ పరీక్ష ఎట్లయింది? ఈ పరీక్ష పెడుతున్నదెవరు? మార్కులేస్తున్నదెవరు?

నా సంగతే చెప్తాను. కొన్నేళ్ల కింద బతుకమ్మ పండుగకు అమ్మ కోసం హైదరాబాద్‌లో ఒక పెద్ద షోరూంలో 'పోచంపల్లి' చీర కొన్నాను. ఏసీ చల్లగుంది, డబ్బా అందంగుంది, బిల్లు భారంగుంది. గళ్లు గీతలు గీసినట్టు ఎక్కడా వంక లేదు. మంచి కానుక తెచ్చానని మురుసుకుంటూ అమ్మ చేతిలో పెట్టాను. ఆమె చీర మడత విప్పి, తిరగేసి చూసింది. "గిది నేసింది కాదు బిడ్డా, అచ్చు గుద్దింది. ఎనకదిక్కు సూడు, రంగే లేదు" అన్నది. తర్వాత నా మొహం చూసి, "ఉండనియ్ తీ, నువ్వు తెచ్చినవు గదా, నాకదే పట్టు" అని అదే కట్టుకుని బతుకమ్మ ఎత్తుకున్నది. చదువుకున్న నేను మోసపోయాను. బడి మొహం చూడని అమ్మ కనిపెట్టింది. తెలంగాణ అస్తిత్వం గురించి గంటల తరబడి మాట్లాడిన నాకు తెలంగాణ బట్ట గుర్తుపట్టే కన్ను లేకపోయింది.

ఆ కన్ను ఎట్ల వస్తుంది? పెద్ద విద్యేం కాదు. పోచంపల్లి పని నేసినంక అద్దే రంగు కాదు. నేయకముందే నూలుకు లెక్క ప్రకారం చిటికి కడతారు. కట్టిన చోట రంగు అంటదు, కట్టని చోట అంటుతుంది. మళ్లీ విప్పి, మళ్లీ కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. అట్ల రంగులు పట్టిన పోగులను మగ్గం మీద పేర్చి నేస్తే బొమ్మ తేలుతుంది. అందుకే బట్టకు రెండు దిక్కులా బొమ్మ ఒక్కతీరుగ ఉంటుంది. పోగు ఎంత జాగ్రత్తగా పేర్చినా వెంట్రుకవాసి జరుగుతుంది గనుక బొమ్మ అంచు కొద్దిగా చెదిరినట్టు, నీళ్లలో నీడలెక్క కదిలినట్టు ఉంటుంది. అచ్చు గుద్దిన బట్టలో ఆ చెదురు ఉండదు. గీత కత్తితో కోసినట్టు ఉంటుంది, వెనక దిక్కు వెలిసిపోయి ఉంటుంది.

ఇక్కడే అసలు ముచ్చట ఉంది. మనం వంక అనుకునే ఆ చెదురే అసలు చీరకు ఆనవాలు. వంక లేనితనమే నకిలీకి ఆనవాలు. ఒక మనిషి కూర్చుని, కండ్లు గుంజుతున్నా, నడుము నొస్తున్నా చేసిన పని అని చెప్పే సంతకం అది. చిటికి కట్టకముందు నూలును పిన్నుల మీద ఆసు పోయాలి. ఒక్క చీరకు చేయి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పనితో ఆడవాళ్ల భుజాలు పడిపోయేవి. తల్లి గోస చూడలేక ఆలేరు బిడ్డ చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. అంత చెమట ఉన్న బట్టను 'ఇక్కడ గీత వంకర పోయింది' అని పక్కకు నెట్టి, యంత్రం గుద్దిన దాన్ని ఏరుకుంటున్నామంటే తప్పు బట్టది కాదు, మన కొలమానానిది.

ఈ కొలమానం కింద నలుగుతున్నది ఒక్క పోచంపల్లేనా? నిర్మల్ కొయ్యబొమ్మను చూడండి. తేలికైన పొనికి కర్రను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులు పూడ్చి, రంగులేస్తారు. చేర్యాల నకాశీ చిత్రకారులు గుడ్డమీద సుద్దమట్టి, చింతగింజల అంబలి పూసి కథలు గీస్తారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్పింది ఇట్లాంటి పటాల మీదనే. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకుకు సుత్తెతో ప్రాణం పోస్తారు. కరీంనగర్‌లో వెండిని వెంట్రుకంత తీగ సాగదీసి పూలు అల్లుతారు. ఉమ్మడి ఆదిలాబాద్ ఓజాలు మైనంతో బొమ్మ చేసి, మట్టి కప్పి, కాల్చి, మైనం కరిగిపోయిన జాగలో ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే అచ్చు పగలాల్సిందే. అందుకే ఒక ఓజా బొమ్మ ఇంకో బొమ్మతోని అచ్చంగా పోలదు. సిద్దిపేట గొల్లభామ చీర, గద్వాల పట్టంచు చీర, నారాయణపేట గళ్ల చీర, పుట్టపాక తేలియా రుమాలు, కొత్తవాడ జంపఖాన, లాడ్ బజార్ లక్క గాజులు, కురుమల గొంగడి. ఇంత సంపద పెట్టుకుని, కానుక కొనడానికి ఏముందని వెతుక్కునే దేశం ఇంకోటి ఉంటుందా?

పోచంపల్లికి 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. తర్వాత కరీంనగర్ వెండి తీగపనికి, చేర్యాల పటాలకు, నిర్మల్ బొమ్మలకు, పెంబర్తికి వచ్చింది. కాగితం మీద గుర్తింపు ఉంది, అంగట్లో నకిలీ ఉంది. చేనేతకే కేటాయించిన రకాలను మరమగ్గం మీద నేయొద్దని 1985లో చట్టం చేశారు. ఇరవై రెండుగా మొదలైన ఆ రకాలు పదకొండుకు కుదించుకుపోయాయి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు చేనేత బట్ట మీద 5 శాతం పన్ను వేశారు. 2020లో అఖిల భారత చేనేత బోర్డును కేంద్రం రద్దు చేసింది. ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం మాత్రం జరుగుతుంది. నాయకులు మగ్గం మీద కూర్చుని ఫొటో దిగుతారు. మరుసటి రోజు మగ్గం మీద నేతన్న ఒక్కడే మిగులుతాడు.

బతకలేక మన నేతగాళ్లు తరాలుగా షోలాపూర్, భీవండి, సూరత్ పోయారు. షోలాపూర్ దుప్పటి అని మనం ముచ్చటపడి కొనే దాన్ని అక్కడికి వలసపోయిన మన పద్మశాలీలే నేశారు. సిరిసిల్లలో నేతన్నల ఆత్మహత్యల వార్తలు రాసి రాసి ఈ ప్రాంతపు విలేకరుల చేతులు నొచ్చాయి. పండుగకు మనం కొనే గజం బట్ట వెనక ఇంత కథ ఉంది. దాన్ని దానం అనుకోవద్దు, దయ అనుకోవద్దు. పనికి కూలి ఇస్తున్నాం, అంతే.

అయితే ఒక మాట. ఇది మళ్లీ ఇంకో పరీక్ష కావొద్దు. ఇంట్ల అందరికీ అన్నీ చేనేతే కొనాలె, లేకుంటే తెలంగాణ ద్రోహి అనే మాట మేం అనం. చేతినేత ఖరీదైనదే. జీతం చాలని ఇంట్లో పట్టుచీర ముచ్చట తీసి మనసు నొప్పించడం న్యాయం కాదు. చీర కొనలేకపోతే తువ్వాల కొనండి. దుప్పటి కొనండి. ఒక జంపఖాన ఇంట్ల ఏళ్లకేళ్లు పడి ఉంటుంది. పిల్లలకు చేర్యాల ముసుగు బొమ్మో, నిర్మల్ పిట్టో ఇయ్యండి. ఊర్ల కుమ్మరి చేసిన గురిగి, మేదరి అల్లిన చాట కూడా కానుకే. సిరిసిల్ల మరమగ్గం బట్ట కూడా మన కార్మికుని చెమటే, కొనండి. కాకుంటే దాన్ని చేనేత అని అమ్మితే మాత్రం నిలదీయండి. పది వస్తువుల్లో ఒక్కటి మన చేతుల్లో తయారైనది ఉన్నా, ఆ ఒక్క ఇంటి పొయ్యి వెలుగుతుంది.

కొనేటప్పుడు మూడు సంగతులు యాదుంచుకోండి. ఒకటి, చేనేత సహకార సంఘం దుకాణంలోనో, హస్తకళల గోల్కొండ షాపులోనో, వీలైతే నేసే ఇంట్లోనే కొనండి. చేనేత ముద్ర ఉందా అని అడగండి. రెండు, పండుగ ముంగట వారం పోయి 'ఇదే రంగు, ఇదే అంచు కావాలె' అంటే నేతన్న మంత్రం వేయలేడు. నెలల ముందే చెప్పండి, లేదా ఉన్నదాంట్లో మనసుకు నచ్చింది తీసుకోండి. మూడు, మాల్‌లో అతికించిన ధర అడగకుండా కట్టి, మగ్గం కాడ కూర్చుని వందకు యాభైకి బేరమాడే అలవాటు మానుకోండి.

ఉద్యోగ సంఘాల మిత్రులకు, విద్యార్థి సంఘాల తమ్ముళ్లకు ఇంకో విన్నపం. మన సభల్లో కప్పే శాలువా ఎక్కడిది? చేతిలో పెట్టే ప్లాస్టిక్ మెమెంటో ఎక్కడిది? కప్పించుకున్నోడు ఇంటికి పోయి అటక మీద పారేసే ఆ మెరుపు గుడ్డకు బదులు ఒక చేనేత తువ్వాల కప్పితే రోజూ వాడుకుంటాడు. మెమెంటో జాగలో పెంబర్తి పళ్లెమో, చేర్యాల బొమ్మో పెడితే గోడకు అందం, చేసినోనికి అన్నం. రిటైర్మెంట్ సన్మానాలు, మహాసభలు ఏడాదంతా జరుగుతనే ఉంటాయి. ఒక్క తీర్మానం చేస్తే చాలు, పండుగతో పనిలేకుండా పన్నెండు నెలల గిరాకీ.

ఇక పండుగ సంగతి. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఆరో నాడు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, నైవేద్యం పెట్టరు. సాక్షాత్తు దేవతకే అలిగి ఊరుకునే హక్కు ఇచ్చిన పండుగ ఇది. మరి ఇంటి ఆడబిడ్డకు ఒక్కపూట కూర్చునే హక్కు లేదా? అన్ని రోజులూ అన్ని సద్దులు ఆమే చేయాల్నా? సత్తుపిండి కలపడం, పెరుగన్నం పోపు పెట్టడం మగోనికి రాని బ్రహ్మవిద్యలా? 2025లో సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగుల బతుకమ్మ గిన్నిస్ రికార్డుకెక్కింది. సంతోషమే. కానీ మన వాకిట్ల బతుకమ్మ దానితో పోటీ పడాల్సిన పనిలేదు. తంగేడు దొరకని పట్నంలో రెండు గుమ్మడి పూలు, నాలుగు బంతులు, పిడికెడు గునుగు చాలు. ఒక దిక్కు ఒరిగినా ఫర్వాలేదు. ఎట్ల పేర్చినా చివరికి చెరువుల కలిసేదే గదా! నీళ్లలో వదలడానికే పేర్చే పూల గోపురానికి వంకలు వెతికేవాడు పండుగ అర్థం తెలియనివాడు.

2011 యాదికి తెచ్చుకోండి. సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. బతుకమ్మ, దసరా రెండూ ఆ సమ్మెలోనే వచ్చాయి. సమ్మెలో ఉన్నవాళ్లకు జీతాల్లేవు. బస్సులు లేవు, బడులు లేవు. కొత్తబట్టల ఊసే లేదు. అయినా దీక్షా శిబిరాల ముందు, నడిరోడ్ల మీద బతుకమ్మలు పెట్టి ఆడారు. టీచరమ్మలు, ఆఫీసుల అక్కలు, బొగ్గుగని కార్మికుల ఇల్లాండ్లు ఒకే వలయంలో చప్పట్లు కొట్టారు. దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి కావలించుకుంటే కండ్లు తడిసినవాళ్లు ఎంతమందో. ఆ గుంపులో నేనూ ఉన్నాను. ఆ ఏడు ఎవరు ఏ చీర కట్టారో ఎవరికీ గుర్తులేదు. ఎవరి పక్కన నిలబడి ఆడారో అందరికీ గుర్తుంది.

2014లో రాష్ట్రం వచ్చింది. జమ్మి రాష్ట్ర వృక్షమైంది, తంగేడు రాష్ట్ర పుష్పమైంది, పాలపిట్ట రాష్ట్ర పక్షి అయింది, బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. గుర్తులు మనవైనాయి. అంగడి మాత్రం ఇంకా మనది కాలేదు. దాన్ని మనది చేసుకోవడానికి ధర్నా అక్కర్లేదు, రాస్తారోకో అక్కర్లేదు. ఈసారి పండుగకు మన ఇంటికి వచ్చే సంచీలో ఒక్క వస్తువు మన మనిషి చేతిది ఉంటే చాలు.

నేను ఆ తర్వాతి ఏడు అమ్మకు ఒక నూలు చీర తెచ్చాను. నేసిన ఇంట్లోనే కొన్నాను. అంచు దగ్గర బొమ్మ కొద్దిగా చెదిరి ఉంది. అమ్మ తిరగేసి చూసి, రెండు దిక్కులా వేలితో రాసి, "ఇగో, గిది" అన్నది.