నడుము నొప్పి నడుములోనే పుట్టదు

ఈ వారం నా నడుము నొప్పి సంగతి చెప్పాలి. మీలో చాలామందికి ఇది సొంత కథలాగే ఉంటుంది.

పోయిన మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి చేశాం. ఆ నెల రోజులూ ఏం తిన్నానో, ఎప్పుడు పడుకున్నానో నాకే తెలీదు. పొద్దున్న రెండు కాఫీలు, మూడింటికి నిలబడే నాలుగు ముద్దలు. రాత్రి పడుకుంటే ఒకటే దిగులు. అమ్మాయి గాజుల కోసం మావారికి తెలీకుండా అప్పు చేశాను లెండి! పెళ్లయిన నాలుగో రోజున గ్యాస్ బండ జరపబోతే నడుము పట్టేసింది. ఇక లేస్తే ఒట్టు!

"ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే పోతుందే" అన్నారు మా అత్తగారు. పక్కింటావిడ వీపు విరిచే మనిషి దగ్గరికి తీసుకెళతానంది. ఇంతలో అమెరికా నుంచి మా ఆడపడుచు ఫోను. ఆమె అక్కడ కైరోప్రాక్టర్ దగ్గరికి వెళుతుంది. "వదినా, ఆయన నా వీపు ముట్టుకోకముందే అరగంట ప్రశ్నలు వేశాడు. ఏం తింటావు, నిద్ర పడుతుందా, దిగులేమైనా ఉందా అని. నువ్వూ అవి చూసుకో" అంది.

కైరోప్రాక్టిక్ అంటే చేతులతో వెన్నెముకను సర్దే వైద్యం. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్ అనే ఊళ్లో డి.డి. పామర్ మొదలుపెట్టాడు. జబ్బులకు దెబ్బలు, విషాలు, మనసులోని ఆలోచనలు కారణమన్నాడాయన. వెన్ను సర్దితే అన్ని జబ్బులూ పోతాయన్న మాట మాత్రం నిలబడలేదు. నడుము నొప్పికి కొందరికి కొంత ఉపశమనం ఇస్తుంది, అంతే. మెడను గట్టిగా విరిస్తే అరుదుగా రక్తనాళం చిరిగి పక్షవాతం కూడా రావచ్చు. కాబట్టి మంగలిషాపులో మెడ విరిపించుకునే మగవాళ్లకు కూడా ఈ మాట చెప్పండి.

నేను మా ఊరి డాక్టరుగారి దగ్గరికే వెళ్లాను. రక్తపరీక్షలో విటమిన్ డి బాగా తక్కువని తేలింది. అది తగ్గితే ఎముకలు, కండరాలు నొప్పి పెడతాయట. దిగులు పడుతున్నప్పుడు మనకు తెలీకుండానే మెడ, భుజాలు, నడుము కండరాలు బిగుసుకుంటాయి. నిద్ర చాలకపోతే అదే నొప్పి రెండింతలుగా తోస్తుంది. ఆవిడ మాత్రలు రాసిచ్చి, "ముందు వేళకు కూర్చుని తినమ్మా" అన్నారు.

ఆ రాత్రే ధైర్యం చేసి మావారికి అప్పు సంగతి చెప్పేశాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావా? నెలనెలా ఇద్దరం కలిసి తీర్చేద్దాం" అన్నారు. ఎన్నాళ్లకో ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను. నొప్పి మర్నాడే మాయమైందని అబద్ధం చెప్పను గానీ, మూడు నెలల్లో బాగా తగ్గింది. మందులు, నడక, తిండి, నిద్ర అన్నీ కలిసి చేసిన మేలది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మనకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 ఉంటుంది. అందుకే మా ఇంట్లో ఇప్పుడు పొద్దున్నే రాగిజావ. రెండు పెద్ద చెంచాల రాగిపిండిని చన్నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, ఒకటిన్నర గ్లాసు మరిగే నీళ్లలో పోసి, సన్న సెగమీద ఏడెనిమిది నిముషాలు కలియబెట్టండి. చల్లారాక గ్లాసు మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు వేసుకోండి. పాలు, పెరుగు, నువ్వులు, ఆకుకూరలు కూడా మరవకండి.

ఒక్క మాట. నడుము నొప్పితో పాటు కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం ఆగకపోయినా, జ్వరం వచ్చినా, కిందపడ్డాక నొప్పి మొదలైనా చిట్కాలు మానేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

అందరికీ వడ్డించాక మిగిలింది తినడం మన అలవాటు. దిగులు కూడా అలాగే దాచుకుంటాం. రెండూ చివరికి నడుము మీదే పడతాయి తల్లీ! వచ్చేవారం కలుద్దాం.