బల్లయొద్ద మొదటి మూడు దెబ్బలు

“మా అమ్మాయి బడిలో టేబిల్ టెన్నిసు చక్కగా ఆడును. పోటీలో మాత్రము తొమ్మిది తొమ్మిది వచ్చుసరికి ఓడిపోవును. మొన్న మూడవసారి అట్లే ఓడి వచ్చిన పిదప వాళ్ల నాన్నగారు బ్యాటును బీరువాలో పెట్టించినారు. వచ్చు సంవత్సరము పదవతరగతి గదా యని వారి వాదము. పిల్లకు గుండెధైర్యము లేదేమో, మాన్పించుటయే మేలేమో చెప్పుడు” అని రేపల్లె ప్రక్క గ్రామమునుండి యొక సోదరీమణి వ్రాసియున్నారు.

సోదరీ, మాన్పించుటకు ముందు కొంచెము లెక్క చూడుడు.

హైదరాబాదు ఆడపడుచు ఆకుల శ్రీజ పేరు మీరు వినియే యుందురు. 2024 ఫిబ్రవరిలో కొరియాదేశపు బూసాన్ నగరమున జరిగిన ప్రపంచ జట్ల పోటీలలో ఆమె చీనాదేశపు వాంగ్ యీడీని వరుసగా మూడు గేములలో ఓడించినది. వాంగ్ యీడీ అప్పటికి ప్రపంచమున రెండవస్థానమం దున్న క్రీడాకారిణి. ఆ మూడవ గేము 13-11. అదే సంవత్సరము జూలై 31వ తేదీన, తన యిరువదియారవ పుట్టినరోజున, పారిస్ ఒలింపిక్సులో శ్రీజ సింగపూరు క్రీడాకారిణి జెంగ్ జియాన్‌ను 4-2 గేములతో గెలిచినది. అందు మూడు గేములు పది పది దాటినవి. రెండు ఈమెకును, ఒకటి ఆమెకును దక్కెను. ఆనాడే తరువాతి పోటీలో చీనావారి సున్ యింగ్షాతో మొదటి రెండు గేములను 10-12, 10-12గా పోగొట్టుకొని 0-4తో ఓడినది.

అమ్మాయి ఒక్కతె, సంవత్సరము ఒక్కటి. ఒక గేములో నున్న ధైర్యము మరియొక గేములో ఎగిరిపోయినదనుట సబబు గాదు. పది పది వద్ద ఆట తరచుగా ఎవరి కొంగున విప్పని ముడి యింకను మిగిలియున్నదో వారివైపు మొగ్గును.

2001వ సంవత్సరమున గేమును 21 పాయింట్లనుండి 11 పాయింట్లకు కుదించిరి. ఒక్కొక్కరు రెండేసి సర్వీసులు చేయుదురు. అనగా పది పది వచ్చువరకు జరుగు ఇరువది పాయింట్లలో సగము మీ అమ్మాయి చేతినుండియే మొదలగును. తొమ్మిది తొమ్మిది వచ్చుసరికి ఎదుటి పిల్ల ఈమె సర్వీసును ఎనిమిదిసార్లో పదిసార్లో చూచియుండును. అవియన్నియు ఒకే తీరున నున్నచో తెలివిగల పిల్ల అయిదవసారికే కనిపెట్టును. ఆ మీదటి వన్నియు ఆమెకు వడ్డించిన విస్తరి. అందుచే మీ అమ్మాయి జబ్బు గుండెలో గాదు, సర్వీసులో నున్నదని నా యభిప్రాయము.

సర్వీసునకు నియమములు కలవు. బంతిని తెరచిన అరచేతినుండి కనీసము 16 సెంటీమీటర్లు నిలువుగా ఎగురవేయవలయును. అది బల్ల చివరి అంచునకు వెనుక, బల్లకన్న ఎత్తున ఉండవలయును. ఎదుటివారికి కనబడకుండ చేతితో గాని ఒంటితో గాని దాచరాదు. బడిలో వీనిని ఎవరును అంతగా పట్టించుకొనరు. పోటీలో అంపైరు పట్టుకొనును, పిల్ల బెదరిపోవును. పెద్దలు దానినే పిరికితన మందురు.

ఇక నేర్పంతయు ఒకే చేతివిసురుతో రెండు విధములైన బంతులు పంపుటలో నున్నది. మొదటిది బంతి అడుగుభాగమును పలుచగా గీసి పంపు బ్యాక్‌స్పిన్ సర్వీసు. పలుచగా అనగా పెనముమీద దోసెపిండిని గరిటెతో త్రిప్పునట్లు, నొక్కకుండ తాకవలయును. రెండవదానికి చేయి అట్లే కదలును గాని బ్యాటు పిడి దగ్గరి భాగముతో బంతిని ఊరక నెట్టవలయును. దీనికి స్పిన్ ఉండదు. ఎదుటి పిల్ల దీనినికూడ మొదటిదే యనుకొని బ్యాటును పైకి తెరచి తోసినచో బంతి ఎత్తుగా లేచి, కొట్టుటకు అనువుగా వచ్చును. మొదటిది కుదిరినదో లేదో తెలియుటకు సులువు కలదు. ఎదుట ఎవరును లేకుండ సర్వీసు చేయగా బంతి అవతల పడి, నిలిచి, మరల వలవైపునకు దొరలినచో కుదిరినట్లే.

ఈ రెండును పొట్టిగా, వదలివేసినచో అవతలి సగముననే రెండుమారులు పడునట్లుగా ఉండవలయును. ఇవి గాక వేగముగా, పొడుగుగా ఎదుటి పిల్ల మోచేతివైపు పోవు సర్వీసొకటి నేర్పుడు. ఫోర్‌హ్యాండా, బ్యాక్‌హ్యాండా యని తడబడు చోటది. దీనిని గేమునకు ఒకటి రెండుసార్లకన్న వాడరాదు. కొంగుముడి యని నేనన్నది దీనినే.

అయినను సర్వీసు మాత్రమే నేర్చిన పిల్ల పద్మవ్యూహమున జొచ్చుట యెరిగి వెలువడుట యెరుగని అభిమన్యునివంటిది. సర్వీసు మొదటి దెబ్బ, ఎదుటివారి బదులు రెండవది, మీ అమ్మాయి మరల కొట్టునది మూడవది. పొట్టి బ్యాక్‌స్పిన్ బంతికి తరచుగా బ్యాక్‌స్పిన్ తోపే బదులుగా వచ్చును. వచ్చునని ముందే యెరిగిన పిల్ల మోకాళ్లు వంచి, బ్యాటును దించి, బంతిని క్రిందినుండి పైకి రాచుచు టాప్‌స్పిన్‌గా లేపవలయును. బలము కాళ్లనుండియు నడుమునుండియు రావలయును. వట్టి భుజముతో కొట్టినచో భుజమే నొచ్చును. కొట్టిన వెంటనే బ్యాటు మరల ఛాతీ ముందరకు చేరవలయును. తన దెబ్బను తానే చూచి మురియుచు నిలుచు పిల్లకు తరువాతి బంతి అందదు.

ఎదుటివారు సర్వీసు చేయునపుడు కన్ను వారి చేతి విసురుమీద గాక, బ్యాటు బంతిని తాకు క్షణముమీద నుండవలయును. పోటీకి ముందు వారి బ్యాటును అడిగి చూచుట నియమములే యిచ్చిన హక్కు. మన పిల్లలు మొగమాటపడి అడుగరు. అడుగవలయును. రబ్బరుమీద పొడుగు బొడిపెలున్నచో మన స్పిన్ తారుమారై తిరిగివచ్చును; మనము టాప్‌స్పిన్ పంపిన బ్యాక్‌స్పిన్ వచ్చును. బ్యాటునకు ఒక ప్రక్క నలుపును, రెండవ ప్రక్క వేరు రంగును ఉండును గనుక ఏ రంగు తాకినదో చూచుచుండిన చాలును. 1952లో బొంబాయి ప్రపంచపోటీలలో జపానుదేశపు హిరోజీ సాతో మందపు స్పాంజి బ్యాటు తెచ్చి, బంతి తాకు చప్పుడైనను సరిగా వినబడనీయక విజేత యయ్యెను. బూసానులో సున్ యింగ్షాను మన ఐహికా ముఖర్జీ గెలిచినదియు స్పిన్ పట్టని రబ్బరుతోనే.

దీనికంతకును తల్లికి ఆట రానక్కరలేదు. బుట్టలో నలువది బంతులుంచి, బల్ల అవతలి సగమున చేతిరుమాలు పరచి, దానిపై సర్వీసులు వేయించుడు. ఏరి యిచ్చుట మీ పని. మా పెనుమూడిలో కృష్ణమీది గాలి రేగినపుడు 2.7 గ్రాముల బంతి నిలుచునా? తలుపులు వేసి ఆడింపుడు. వానకాలపు చెమ్మకు రబ్బరు జారును. మెత్తని గుడ్డతో తుడిచి సంచిలో నుంచుడు. వారమునకు రెండుదినములు గేమును ఎనిమిది ఎనిమిది వద్దనుండియే మొదలుపెట్టించుడు. పోటీనాడు ఒక నోటుపుస్తకమున ఏ సర్వీసుకు పాయింటు వచ్చినదో, దేనికి పోయినదో గీతలు గీయుచుండుడు. మావారు పరీక్షల మార్కులు వేసికొను పుస్తకములో ఒక్క బాలుని నాలుగు పరీక్షల వరుస చూచినచో వానికి ఏ పాఠము రాలేదో తెలియును. ఇదియు నంతే.

పదవతరగతి మాట తీసివేయదగినది గాదు. పైన వ్రాసిన అభ్యాసమునకు దినమునకు అరగంట చాలును. బస్సులెక్కి దూరపు పోటీలకు పోవుటను ఆ యేడు తగ్గింపుడు. ఆడినవారెల్ల శ్రీజ లగుదురని నేననను. అయినను ఆమె రిజర్వుబ్యాంకులో ఉద్యోగము సంపాదించినదని వాళ్ల నాన్నగారి చెవిని వేయుడు. 1950 ప్రాంతమున కొన్నియేండ్లు వరుసగా దేశమునకు మహిళావిజేతగా నిలిచిన సయీద్ సుల్తానాయు హైదరాబాదు బాలికయే. నా మాటగా వారిని ఆరునెలల గడువడుగుడు. ఆరునెలల పిమ్మట నోటుపుస్తకమును వారి చేతికే యిచ్చి చూపుడు. గీతలు మారనిచో, పిల్లకును ఆటపై మనసు తప్పినచో, అప్పుడు వారి మాట విందము. ప్రస్తుతము బ్యాటును బీరువానుండి తీయుడు.

మరి ఇద్దరు సోదరీమణులు జంటల ఆటనుగూర్చి యడిగిరి. 2022లో బర్మింగుహాము కామన్వెల్తు క్రీడలలో శ్రీజ శరత్ కమల్‌తో కూడి మిశ్రమ జంటల స్వర్ణపతకము గెలిచినది. జంటలో ఒకరి తరువాత ఒకరు విడువక కొట్టవలయును గనుక అడుగులు వేయు తీరు వేరు. అది వచ్చు మాసమున వ్రాసెదను.